ఓడ మీద సొంత అరుగు: బాల్కనీ గది ఎవరికి, ఎక్కడ, ఎంతకు?

మొదటిసారి అమ్మను ఓడ ఎక్కించినప్పుడు ఆమె కోసమే బాల్కనీ గది తీసుకున్నాను. గదిలో అడుగుపెట్టగానే అమ్మ తిన్నగా అద్దం తలుపు తీసుకుని వెళ్లి బయటి కుర్చీలో కూర్చుంది. ఎదురుగా తెల్లరంగు వేసిన ఇనుప గోడ. కూర్చున్న మనిషి కళ్ల ఎత్తు దాకా ఆ గోడే. దాని మీద చెక్క కమ్మీ, కమ్మీ పైన ఆకాశం. కెరటాల చప్పుడు వినిపిస్తోంది, ఉప్పుగాలి ముఖానికి తగులుతోంది. నీళ్లు మాత్రం కనబడవు. "సముద్రం ఏదిరా?" అంది. లేచి నిలబడితే కనిపిస్తుందమ్మా అన్నాను. డెబ్భై దాటిన మోకాళ్లతో ఎంతసేపు నిలబడగలదు? ఆ మూడు రోజులూ కమ్మీ పట్టుకుని రెండు నిమిషాలు చూసేది, మళ్లీ లోపలికి వచ్చి మంచం మీద కూర్చునేది.

బాల్కనీకి డబ్బు కట్టాను, బాల్కనీ ఇచ్చారు. లోపం ఎక్కడంటే, ఆ పేరు కింద ఎన్ని రకాల గదులు అమ్ముతారో నేను తెలుసుకోకపోవడంలో ఉంది. ఆ తర్వాత చేసిన ప్రయాణాలూ, ఓడల్లో పనిచేసే మనవాళ్లతో మాట్లాడిన మాటలూ, గంటల తరబడి తిరగేసిన డెక్కు ప్లాన్లూ నాకు ఒక సంగతి నేర్పాయి. ఆ బాల్కనీలో మీరు వెలుతురు ఉండగా ఎన్ని గంటలు కూర్చుంటారో ముందు లెక్కవేసుకోవాలి. ఆ గంటలకు తగిన చోటు ఓడలో ఎక్కడుందో తర్వాత వెతకాలి. ధర చూడటం ఆఖరి పని. చాలామందిమి దీన్ని తలకిందులుగా చేస్తున్నాం.

రెండు గదుల నుంచి వందల గదులకు

1912లో టైటానిక్ ఓడలో సొంతంగా బయట నడిచే వసారా ఉన్న సూట్లు రెండే రెండు. ఒక్కోదానికి దాదాపు 50 అడుగుల వసారా. అవి కోటీశ్వరుల గదులు. మిగతా ప్రయాణికులంతా గాలి కోసం ఉమ్మడి డెక్కు మీదికి రావాల్సిందే. ఆ తర్వాత కూడా చాలా దశాబ్దాలు పరిస్థితి అంతే. ఓడ పక్కల్లో పై డెక్కుల వెంట ప్రాణరక్షక పడవలు వేలాడేవి. గదులు వాటికింద, ఓడ పొట్టలో గుండ్రటి కిటికీలతో ఉండేవి.

1984లో వచ్చిన రాయల్ ప్రిన్సెస్ ఓడ ఈ పద్ధతిని మార్చింది. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో ప్రిన్సెస్ డయానా దానికి నామకరణం చేశారు. అందులో ప్రయాణికుల గదులన్నీ బయటివైపే. పై డెక్కుల్లోని గదులకు సొంత బాల్కనీలు. ఆ తర్వాతి ఓడల్లో రక్షక పడవలను కిందికి దించి, వాటి పైన అంతస్తులకు అంతస్తులు బాల్కనీ గదులు పేర్చడం మొదలైంది. 1995 నాటి సన్ ప్రిన్సెస్ వచ్చేసరికి బాల్కనీ మామూలు ప్రయాణికుడి చేతికి అందింది. ఈనాటి పెద్ద ఓడల్లో ఎక్కువ గదులు ఇవే.

మన తీరానికి వస్తే సంగతి వేరు. 2022 జూన్‌లో విశాఖపట్నానికి వచ్చిన కార్డీలియా కంపెనీ వారి ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ. ఆ కాలపు పద్ధతి ప్రకారం అందులో లోపలి గదులూ కిటికీ గదులే ఎక్కువ, బాల్కనీలు చాలా తక్కువ. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మన ఊరి రేవు నుంచే ఓడ ఎక్కాలనుకునేవారు బాల్కనీ కావాలంటే చాలా ముందుగా చూసుకోవాలి. దొరకకపోతే బాధపడనక్కర్లేదు. ఎందుకో కింది లెక్కలో తెలుస్తుంది.

గంటల లెక్క

సింగపూర్ నుంచి మూడు రాత్రుల ప్రయాణం తీసుకుందాం. మన వాళ్లు ఎక్కువగా వెళ్లేది ఇదే. సాయంత్రం నాలుగైదు గంటలకు ఓడ కదులుతుంది. అక్కడ ఏడాది పొడవునా ఏడు గంటల ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. అంటే మొదటిరోజు రెండు గంటలు. రెండోరోజు పెనాంగ్‌లో దిగి ఊరు చూస్తారు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మిగులుతాయి. మూడోరోజంతా సముద్రం మీదే. కానీ భోజనాలు, ఈతకొలను, పిల్లల ఆటలు, సాయంత్రం ప్రదర్శన పోగా నాలుగు గంటలు కూర్చుంటే గొప్ప. నాలుగోరోజు పొద్దున్నే దిగిపోవాలి. మొత్తం ఎనిమిది గంటలు. మధ్యాహ్నం ఉక్కపోతలో బయట కూర్చోలేరు కాబట్టి అదీ పొద్దునా సాయంత్రమే.

లోపలి గదికీ బాల్కనీ గదికీ ఇద్దరికి కలిపి తేడా 24 వేల రూపాయలు అనుకోండి. గంటకు 3 వేలు పడుతోంది. అదే ఏడు రాత్రుల అలాస్కా ప్రయాణంలో తేడా 60 వేలు అనుకున్నా, జూన్ నెలలో అక్కడ పద్దెనిమిది గంటల దాకా పగలే. దారి పొడవునా మంచుకొండలు, దేవదారు అడవులు, మధ్యలో తిమింగలాలు. నలభై గంటలు కూర్చునే మనిషికి గంటకు 1,500 పడుతుంది. పెద్ద మొత్తం కట్టిన ప్రయాణంలోనే బాల్కనీ చవకగా వచ్చింది. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి. మీ ప్రయాణపు అంకెలు పెట్టి మీరే వేసుకోండి.

ఓడంతా తిరగాలనుకునే కుర్రజంటకు, అర్ధరాత్రి దాకా గదికి రాని స్నేహితుల బృందానికి, మూడు రాత్రుల ప్రయాణంలో లోపలి గది చాలు. అందులో చిమ్మచీకటి, నిద్ర బాగా పడుతుంది. మిగిలిన డబ్బుతో ఊళ్లు బాగా చూడొచ్చు. గదిలోనే ఎక్కువసేపు గడిపేవారికి బాల్కనీ విలువ వేరు. చంటిబిడ్డ నిద్రపోతుంటే కదలలేని తల్లి, ఎక్కువ నడవలేని పెద్దలు, జనసమ్మర్దంలో ఊపిరాడనట్టు ఉండేవారు. వీళ్లకు అది ఇంటి ముందు అరుగు లాంటిది. గడప దాటకుండానే లోకం కనిపిస్తుంది.

ఇంకొక మాట. బాల్కనీ ఒక్క వైపే చూపిస్తుంది. పాపికొండల మధ్య లాంచీ వెళ్తున్నప్పుడు జనమంతా పై డెక్కుకు ఎందుకు చేరతారో మనకు తెలుసు. కొండలు రెండు వైపులా ఉన్నాయి మరి. నార్వేలోని గైరాంగర్ ఫియోర్డ్ దాదాపు 15 కిలోమీటర్ల పొడవున అలాగే రెండు కొండగోడల మధ్య సాగుతుంది. జలపాతాలు అటూ ఇటూ దూకుతాయి. అక్కడ ఎంత మంచి బాల్కనీ ఉన్నా ఆ పూట పై డెక్కుకు వెళ్లాల్సిందే. పై డెక్కు అందరిదీ, దానికి అదనపు రుసుము లేదు.

ఒకే పేరు, ఎన్నో గదులు

ఇక 'బాల్కనీ' అనే పేరు కింద అమ్మే రకాలు చూద్దాం.

మామూలు బాల్కనీ: నాలుగైదు చదరపు మీటర్లు, రెండు కుర్చీలు, చిన్న బల్ల. ముందు భాగం అద్దమా, ఇనుమా అన్నదే ముఖ్యం. ఓడ ముందు భాగంలోనూ కింది డెక్కుల్లోనూ కొన్నింటికి ఇనుప గోడ ఉంటుంది. మా అమ్మకు దక్కింది ఇదే. ఓడ పక్కనుంచి తీసిన ఫొటో చూస్తే ఏ అంతస్తు దగ్గర అద్దం ఆగిపోయి ఇనుము మొదలవుతోందో తెలిసిపోతుంది.

కోవ్ బాల్కనీ: కార్నివాల్ ఓడల్లో ఈ పేరుతో ఉంటుంది. ఓడ పొట్టలోకి చెక్కినట్టు, నీటికి బాగా దగ్గరగా. ముందు ఇనుమే ఉన్నా, కెరటం దగ్గరగా కావాలనుకునేవారు, ఎండా గాలీ పడనివారు ఏరికోరి తీసుకుంటారు.

అడ్డంకి ఉన్న బాల్కనీ: కింద రక్షక పడవలు వేలాడుతుంటాయి. కొన్నిచోట్ల తల వంచితే పడవ పైకప్పు కనిపిస్తుంది, దూరంగా సముద్రం బాగానే ఉంటుంది. కొన్నిచోట్ల పడవ ఎదురుగానే నిలబడుతుంది. మొదటిది చవకలో మంచి బేరం. రెండోదానికి కిటికీ గది నయం.

వెనుకవైపు బాల్కనీ: ఓడ నీటిని చీల్చుకుంటూ వదిలిన తెల్లటి నురుగుదారి కళ్లముందే పరుచుకుంటుంది. ఓడే అడ్డుగా నిలిచి గాలిని ఆపుతుంది. అందుకే దీన్ని ప్రేమించేవాళ్లు ఎక్కువ, దొరకడం తక్కువ. అయితే వెనుక డెక్కులు మెట్లలా దిగుతూ ఉంటే పై బాల్కనీలవాళ్లకు మీరు కనిపిస్తారు. కొన్నిసార్లు పొగగొట్టపు మసి పడుతుంది. లిఫ్టు దాకా నడక పొడవు.

లోపలివైపు బాల్కనీ: 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్‌తో మొదలైంది. ఓడ మధ్యలో ఆరుబయట తోట, అందులో 12 వేలకు పైగా మొక్కలు. బాల్కనీ ఆ తోటలోకి తెరుచుకుంటుంది. తోట బాగుంటుంది కానీ సముద్రం కనిపించదు, ఎదుటి గదివాళ్లు కనిపిస్తారు. పేరు చూసి మోసపోకూడని రకం ఇది.

ఇన్ఫినిట్ వెరాండా: 2018 నాటి సెలబ్రిటీ ఎడ్జ్ ఓడలో వచ్చింది. విడిగా బాల్కనీ ఉండదు. గది చివరి గోడంతా అద్దం. మీట నొక్కితే పైసగం కిందికి జారుతుంది. గది విశాలంగా అనిపిస్తుంది. వాతావరణం బాగోకపోతే ఆ అద్దం తెరుచుకోకుండా ఓడ సిబ్బంది ఆపేయగలరు. బయట కూర్చున్నామన్న తృప్తి కొందరికి కలుగుతుంది, కొందరికి కలగదు.

ఫ్రెంచ్ బాల్కనీ: నదీ ఓడల్లో ఎక్కువ. అద్దం తలుపు తెరిస్తే వెంటనే కమ్మీ. నిలబడటానికే, కూర్చోవడానికి చోటుండదు.

ఊగని చోటు, చప్పుడు లేని చోటు

ఊయల బల్ల మధ్యలో కూర్చున్న పిల్ల కదలదు, కొసల్లో కూర్చున్న పిల్లలు పైకీ కిందికీ వెళ్తారు. ఓడ కూడా అంతే. ముందుకీ వెనక్కీ ఎగిరిపడే ఊపు నడిమి భాగంలో తక్కువ, కొసల్లో ఎక్కువ. పక్కలకు ఒరిగే ఊపు కింది అంతస్తుల్లో తక్కువ, పై అంతస్తుల్లో ఎక్కువ. ఓడ పక్కల నుంచి నీటిలోకి చాచే రెక్కలు ఈ ఒరుగుడును బాగా తగ్గిస్తాయి. ముందువెనుకల ఊపు మీద వాటి ప్రభావం పెద్దగా ఉండదు. బాల్కనీలు పై అంతస్తుల్లోనే ఎక్కువ కాబట్టి, కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు వీలైనంత కింది బాల్కనీ, అదీ ఓడ నడుమన ఉన్నది తీసుకోవాలి. మరీ ఇబ్బంది పడేవారికి పదో అంతస్తు బాల్కనీ కంటే మూడో అంతస్తు కిటికీ గదే సుఖం. చల్లగాలి, నిలకడగా కనిపించే దిగంతం కడుపుకు నెమ్మదినిస్తాయన్నదీ నిజమే. ఈ రెండింటినీ తూచుకోవాలి.

చప్పుడు విషయంలో చూడాల్సింది పై అంతస్తూ కింది అంతస్తూ. భోజనశాల, ఈతకొలను ఉన్న డెక్కుకు సరిగ్గా కిందనున్న గదులు పై అంతస్తు గదులే కాబట్టి పేరుకు గొప్పవి. కానీ తెల్లవారుజామున సిబ్బంది నేల కడుగుతూ కుర్చీలు లాగే చప్పుడు నెత్తిమీదే. ఒకసారి అలాంటి గదిలో పడుకున్నాను. ఐదు గంటలకు మొదలైంది. ఇనుప కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి గరగరమంటూ, ఆగి, మళ్లీ గరగరమంటూ. నాటకశాల మీద, డాన్సు హాలు మీద ఉన్న గదుల్లో అర్ధరాత్రి దాకా డ్రమ్ముల అదురు వస్తుంది. ముందు భాగపు కింది గదుల్లో రేవు దగ్గర లంగరు గొలుసు రొద ఉంటుంది.

మంచి గదికి గుర్తు ఇది: పైన గదులు, కింద గదులు, రెండు పక్కలా గదులు. డెక్కు ప్లాన్లో మూడు పేజీలు పక్కపక్కన పెట్టుకుని మీ గది నంబరు మీద వేలుపెట్టి పైకీ కిందికీ చూడండి. పది నిమిషాల పని. ప్లాన్లో ఏమీ రాయని తెల్లటి ఖాళీ చోట్లు తరచూ వంటశాలలు, సిబ్బంది గదులు, యంత్రాల చోట్లు. వాటి పక్కన కూడా జాగ్రత్త.

కుడివైపా, ఎడమవైపా

ఓడ ముందువైపు తిరిగి నిలబడితే ఎడమచేతి వైపు పోర్ట్, కుడిచేతి వైపు స్టార్‌బోర్డ్. ఇది తెలిస్తే మ్యాపు తీసుకుని మీరే తేల్చుకోవచ్చు. ముంబై నుంచి దక్షిణానికి వెళ్తుంటే కుడివైపు పడమర, అంటే సూర్యాస్తమయం. చెన్నై నుంచి విశాఖకు వస్తుంటే కుడివైపు బంగాళాఖాతం మీద సూర్యోదయం. సింగపూర్ నుంచి మలక్కా జలసంధిలో పైకి వెళ్తుంటే కుడివైపు మలేషియా ఒడ్డు, ఎడమవైపు మధ్యాహ్నపు ఎండ. తిరుగుప్రయాణంలో ఇదంతా తారుమారు. అందువల్ల బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చే ప్రయాణంలో వైపు గురించి పెద్దగా మథనపడక్కర్లేదు.

ఒకవైపు ప్రయాణంలో మాత్రం వైపుకు విలువుంది. వాంకూవర్ నుంచి ఉత్తరంగా అలాస్కా చివరిదాకా వెళ్లేవారికి తీరం కుడివైపు. అక్కడి నుంచి దక్షిణానికి దిగేవారికి ఎడమవైపు. గ్లేసియర్ బేలో మాత్రం రెండు వైపులవారూ నిశ్చింతగా ఉండొచ్చు. రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలకు మించి అనుమతించని ఆ జాతీయ ఉద్యానంలో, ఓడ మంచునది ముందు నిలిచి నిదానంగా గుండ్రంగా తిరుగుతుంది. మంచుగోడ ప్రతి బాల్కనీ ముందుకూ తనే వస్తుంది.

ధరలో దాగినవి

గది ధర ఇద్దరు ఉంటారన్న లెక్కన మనిషికింత అని వేస్తారు. ఒంటరిగా వెళ్లేవారు చాలాచోట్ల దాదాపు ఇద్దరి ధరా కట్టాలి. రేవు రుసుములు, పన్నులు, సిబ్బందికిచ్చే టిప్పులు చాలావరకు మామూలు గదులన్నిటికీ ఒక్కటే. కాబట్టి పోల్చాల్సింది మొత్తం బిల్లును. 'గ్యారంటీ' పేరుతో తక్కువ ధరకు ఇచ్చేదానిలో బాల్కనీ ఖాయం, అది ఎక్కడన్నది కంపెనీ ఇష్టం. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ అక్కడ వదులుకున్నట్టే. నిద్ర తేలిగ్గా చెదిరేవారు, పెద్దవారితో వెళ్లేవారు ఆ ఆశకు పోకూడదు. తర్వాత పై తరగతికి మార్చే అవకాశానికి ఒప్పుకుంటే, ఏరికోరి తీసుకున్న నిశ్శబ్దపు గది పోయి పేరుకు పెద్ద గది రావచ్చు. కావాల్సిన గది దొరికితే మార్పు వద్దని బుకింగ్ అప్పుడే చెప్పాలి.

బంధువులతో రెండు కుటుంబాలుగా వెళ్తే పక్కపక్క బాల్కనీలు తీసుకోండి. చాలా ఓడల్లో మధ్య అడ్డుతెరకు తాళం ఉంటుంది. గది చూసుకునే స్టీవర్డును అడిగితే తెరుస్తారు. రెండు చిన్న బాల్కనీలు కలిసి పదిమంది కూర్చునే వసారా అవుతుంది. పెద్ద సూటుకు పెట్టే డబ్బు కంటే ఇది మేలైన ఉపాయం.

భద్రత, మర్యాద

2006 మార్చి 23న జమైకా సమీపంలో స్టార్ ప్రిన్సెస్ ఓడలో ఒక బాల్కనీ మీద నిప్పంటుకుంది. ఆర్పకుండా పడేసిన సిగరెట్టే కారణమై ఉంటుందని దర్యాప్తు తేల్చింది. బాల్కనీల మధ్య తెరలు, ప్లాస్టిక్ కుర్చీలు అంటుకుని మంట అంతస్తుల మీదికి పాకింది. వందకు పైగా గదులు దెబ్బతిన్నాయి, ఒక ప్రయాణికుడు చనిపోయాడు. అప్పటిదాకా బాల్కనీని ఓడ బయటి భాగంగా చూసేవారు, గదిలో ఉండే అగ్నిరక్షణ అక్కడ ఉండేది కాదు. ఆ తర్వాత అంతర్జాతీయ నౌకాభద్రతా నియమాలను సవరించారు. 2008 జూలై 1 నుంచి బాల్కనీల్లో తేలిగ్గా అంటుకోని సామాను వాడాలి, లేదంటే మంటను పసిగట్టి ఆర్పే ఏర్పాటు ఉండాలి. చాలా కంపెనీలు బాల్కనీలో పొగతాగడాన్ని నిషేధించాయి. అగరుబత్తి, దీపం గదిలో గానీ బాల్కనీలో గానీ వెలిగించకూడదనడానికి కారణం ఇదే. పూజ చేసుకునే పెద్దలకు ఈ సంగతి ముందే మెల్లగా చెప్పి ఉంచండి.

తడిబట్టలు కమ్మీ మీద ఆరేయడం మన అలవాటు. ఓడలో అది కుదరదు. గాలికి ఎగిరి సముద్రంలో పడతాయి, పక్క బాల్కనీలోకి పోతాయి. స్నానాలగదిలో లాగి కట్టుకునే సన్నతాడు చాలా ఓడల్లో ఉంటుంది, వెతకండి. బాల్కనీ తలుపు తెరిచి ఉంచితే గది ఏసీ ఆగిపోయే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. అదే సమయంలో ఎవరైనా నడవా తలుపు తీస్తే గాలి ఊపుకు అది ధడాలున మూసుకుంటుంది. పిల్లల వేళ్లు జాగ్రత్త. కుర్చీని కమ్మీకి ఆనించి ఎప్పుడూ ఉంచొద్దు. పిల్లలు ఎక్కడానికి అదే మెట్టు అవుతుంది. పసిపిల్లలు బాల్కనీలో ఉన్నంతసేపూ పెద్దవాళ్ల చెయ్యి వాళ్ల మీద ఉండాల్సిందే. ఈ ఒక్క విషయంలో సడలింపు లేదు.

కష్టకాలంలో

2020 ఫిబ్రవరిలో డైమండ్ ప్రిన్సెస్ ఓడను యోకోహామా రేవులో ఆపేసినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు. 700 మందికి పైగా కరోనా సోకింది. ప్రయాణికులను రెండు వారాలు గదుల్లోనే ఉంచారు. బాల్కనీ ఉన్నవారు తలుపు తీసి గాలి పీల్చారు. లోపలి గదులవారు వంతుల ప్రకారం కాసేపు డెక్కు మీదికి వెళ్లి వచ్చేవారు. అలాంటి ఆపద మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ ఓడ మీద జ్వరమో వాంతులో వచ్చి రెండు రోజులు గదిలోనే ఉండాల్సిరావడం అరుదేమీ కాదు. వృద్ధులతో వెళ్లేటప్పుడు గంటల లెక్కలో ఈ సంగతినీ కలపాలి.

మొత్తం చూస్తే వరస ఇది. వెలుతురు గంటలు లెక్కపెట్టండి. పది దాటకపోతే లోపలి గదో కిటికీ గదో తీసుకోండి, మిగిలిన డబ్బు ఊళ్లకు ఉంచండి. దాటితే డెక్కు ప్లాన్ తెరిచి, పైనా కిందా గదులే ఉన్న నడిమి భాగం వెతకండి. ముందు అద్దం ఉన్న బాల్కనీ అవునో కాదో ఫొటోలో చూడండి. ఒకవైపు ప్రయాణమైతే వైపు తేల్చుకోండి. అప్పుడు ధర అడగండి.

రెండోసారి అమ్మను ఏడు రాత్రుల ప్రయాణానికి తీసుకెళ్లాను. ఓడ నడుమన, ఎనిమిదో అంతస్తు, ముందంతా అద్దం. గదికి వెళ్లగానే మొదట నేనే ఆ కుర్చీలో కూర్చుని చూశాను. అద్దం అవతల, మోకాళ్ల ఎత్తు నుంచే నీళ్లు కనిపిస్తున్నాయి. లేచి అమ్మను కూర్చోబెట్టాను. మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి ఆమె మంచం ఖాళీగా ఉంది. అద్దం తలుపు వెనక, శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. ఎప్పుడు లేచావమ్మా అని అడిగితే, ఇంకా చీకటి ఉండగానే వచ్చానంది.